నాబీ కొండ గేటు దగ్గరి గడియారం: ఉత్తర టాంజానియాలో ఆరు రోజులు

సెరెంగెటి జాతీయ పార్కులోకి వెళ్లే నాబీ కొండ గేటు దగ్గర డ్రైవర్ చేతికి ఒక కాగితం ఇస్తారు. లోపలికి వెళ్లిన గంట, నిమిషం దాని మీద అచ్చయి ఉంటాయి. ఆ నిమిషం నుంచి 24 గంటలు గడిస్తే ఒక రోజు. రెండు రోజులకు డబ్బు కట్టి మధ్యాహ్నం 12:20కి లోపలికి వెళ్లినవాళ్లు మూడో రోజు 12:40కి బయటికొస్తే, ఆ ఇరవై నిమిషాలకు ఇంకో రోజు టికెట్టు కొనాలి. పన్నుతో కలిపి తలకు దాదాపు 82 డాలర్లు. ఎక్కడ తినాలి, ఏ చెట్టు కింద ఎంతసేపు ఆగాలి, చిరుత కనిపించినా ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఈ కాగితమే తేలుస్తుంది. ఏజెంట్లు పంపే రంగురంగుల పీడీఎఫ్‌లలో మాత్రం ఈ సంగతి ఉండదు.

ఈ దారి అరూషాలో మొదలై అరూషాలోనే ముగుస్తుంది. తరంగిరే, మన్యారా, ఓల్డువాయి, సెరెంగెటి నడిభాగం, ఆఖరున ఎన్‌గోరోంగోరో. దసరా సెలవులను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క ఇది. మన వేసవి సెలవులు ఇక్కడికి పనికిరావు. మార్చి చివర నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. చాలాచోట్ల మన నల్లరేగడి లాంటి నేలే కావడంతో తడిస్తే జీపు ఇరుసు దాకా దిగబడుతుంది. ఆ నెలల్లో లాడ్జీలు చవగ్గా దొరికేది అందుకే. సంక్రాంతి దాటాక, జనవరి చివర నుంచి మార్చి మొదలు దాకా, ఆవులా కనిపించే విల్డెబీస్ట్ జింకల మందలు దక్షిణాన ఎన్‌డూటూ పచ్చికలో ఈనుతూ ఉంటాయి. అప్పుడు వెళ్లేవాళ్లు సెరెంగెటి నడిభాగమైన సెరొనెరాలో గడిపే ఒక రాత్రిని ఎన్‌డూటూకి మార్చుకోవాలి. దసరా రోజుల్లో తరంగిరే ఏనుగులూ సెరొనెరాలో సింహం, చిరుత లాంటి పిల్లిజాతి జంతువులూ దండిగా కనిపిస్తాయి కానీ, పెద్ద మంద ఉత్తరాన మారా నది వైపు ఉంటుంది. మొసళ్ల మధ్య నది దాటే దృశ్యం కావాలంటే కొగాటెండే దాకా పోవాలి, ఇంకో రెండు రాత్రులు కావాలి. ఆరు రోజుల్లో అదీ చూపిస్తామనేవాళ్లను నమ్మకండి.

బయలుదేరే ముందు

పసుపు జ్వరం టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే ఆ పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. చాలామందికి తిరుగు ప్రయాణంలోనే దీని అవసరం తెలుస్తుంది. ఇథియోపియా, కెన్యా మీదుగా వచ్చినవాళ్లను మన విమానాశ్రయంలోని ఆరోగ్య అధికారులు కార్డు అడగొచ్చు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటీన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

మలేరియా మాత్రల్లో జనం చేసే పొరపాటు ఒక్కటే: ఇంటికి రాగానే ఆపేయడం. అటోవాక్వోన్–ప్రొగువానిల్ అయితే తిరిగొచ్చాక ఇంకో వారం, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు మింగాలి. వీసా ఆన్‌లైన్‌లో, 50 డాలర్లు. ప్లాస్టిక్ సంచులను టాంజానియా 2019 జూన్‌లో నిషేధించింది కాబట్టి ఆవకాయను క్యారీబ్యాగుల్లో చుట్టి తీసుకెళ్లకండి. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా మేలు. ప్లగ్గు ఎక్కువచోట్ల మూడు చదరపు కాళ్ల బ్రిటిష్ రకం, వాటిలో మనవి దూరవు. చిన్న ఖర్చులకు షిల్లింగులు కావాలి. డాలర్లు పట్టుకెళ్తే 2006కి ముందు అచ్చయినవి, చిరుగులూ మరకలూ ఉన్నవి తీసేయండి.

బట్టల్లో నలుపు, ముదురు నీలం వద్దు. సెట్సీ ఈగలను లాగేవి ఆ రెండు రంగులే. పార్కు వాళ్లు చెట్లకు వేలాడదీసే నీలం–నలుపు గుడ్డలు ఆ ఈగలను పట్టడానికి పెట్టిన ఉచ్చులు. మన జోరీగ లాంటిదే ఇదీ. పలచటి చొక్కా మీంచి కూడా కుడుతుంది, దోమల క్రీములను పెద్దగా లెక్కచేయదు. ఖాకీ, లేత ఆకుపచ్చ, గోధుమ రంగులు సరిపోతాయి. వాటితోపాటు ఒక మందపాటి స్వెటర్, చెవులు కప్పే టోపీ కూడా ఉండాలి. భూమధ్యరేఖ పక్కనే కదా అని వీటిని వదిలేసినవాళ్లు అయిదో రాత్రి వణుకుతారు.

చేరిన రోజు: అరూషా

కిలిమంజారో విమానాశ్రయం నుంచి అరూషా 50 కిలోమీటర్ల లోపే. పర్వతం కనిపిస్తుందన్న ఆశతో మధ్యాహ్నం కిటికీ సీటు కోసం పోట్లాడక్కర్లేదు. 5,895 మీటర్ల ఆ శిఖరం చాలా రోజులు తెల్లవారుజామునా సాయంత్రమూ మాత్రమే మబ్బు దించుతుంది.

ఆ సాయంత్రం డ్రైవర్‌తో కూర్చుని మూడు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది గంటల లెక్క. స్వాహిలీలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ‘సా మోజా’ అంటే మాటకు ఒంటిగంటే కానీ అర్థం ఉదయం ఏడు. ‘సా కుమి నా మోజా’ అంటే పదకొండు కాదు, అయిదు. డ్రైవర్లు ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మన లెక్కే వాడతారు కానీ, క్యాంపు వంటవాడితో, గేటు కాపలాదారుతో గందరగోళం వస్తుంటుంది. అంకె చెప్పించుకోకుండా వాచీ చూపించి అడగడం సులువు. రెండోది జీపు. పైకప్పు లేచే పొడవాటి ల్యాండ్ క్రూజర్‌లో ఆరుగురు కూర్చోవచ్చు, కానీ అందరికీ కిటికీ కావాలంటే నలుగురే మంచిది. స్టెప్నీలు రెండు ఉన్నాయా అన్నది అడగడమే కాదు, కళ్లతో చూడాలి. మూడోది తిండి. శాకాహారం అంటే కొన్ని వంటశాలల్లో చికెన్ తీసేసిన చికెన్ కూర అని అర్థం. ‘మాంసం, చేప, గుడ్డు, వాటి రసం ఏదీ వద్దు’ అని విడివిడిగా చెప్పాలి. చెప్పినవాళ్లకు మంచి భోజనమే దొరుకుతుంది. అన్నం ఉంటుంది, చపాతీ ఉంటుంది, రాజ్మా లాంటి ‘మహారాగె’ ఉంటుంది. ‘మ్చిచా’ అని పెట్టే ఆకుకూర మన తోటకూరే.

స్వాహిలీ చెవికి కొత్తగా అనిపించదు. దుకాణం ‘దుకా’, డబ్బు ‘పెసా’, బండి ‘గారి’. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాల వ్యాపారం మిగిల్చిన మాటలివి. సింహం ‘సింబా’ కావడం మాత్రం కాకతాళీయం, అది బంటూ భాషల సొంత మాట. జీబ్రాని ‘పుందా మిలియా’ అంటారు, అంటే చారల గాడిద. మనం దాన్ని చారల గుర్రాన్ని చేసి ఒక మెట్టు పైకెక్కించాం.

రాత్రి పడుకోబోయే ముందు బజార్లో రెండు కిలోల బియ్యమో చిక్కుడు గింజలో కొని గుడ్డసంచిలో కుట్టించుకుంటే కెమెరాకి దిండు తయారు. జీపులో ట్రైపాడ్ పనికిరాదు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ గింజలు క్యాంపు వంటవాడికి ఇచ్చేయొచ్చు.

మొదటి రోజు: తరంగిరే

అరూషా నుంచి తరంగిరే గేటు సుమారు 120 కిలోమీటర్లు, దాదాపు అంతా తారు రోడ్డే. ఏడింటికి బయలుదేరితే పదింటికల్లా లోపల ఉండొచ్చు. టికెట్టు 24 గంటలదే అయినా ఒక్కసారే ప్రవేశం. గేటు బయట లాడ్జీ తీసుకుంటే సాయంత్రం బయటికొచ్చిన క్షణమే అది చచ్చిపోతుంది. లోపలి క్యాంపులో పడుకుంటే అదే టికెట్టు మీద మర్నాడు ఉదయం కూడా చూడొచ్చు. లోపల పడుకోవడానికి వేరే రుసుం కట్టాలి, అయినా గిట్టుబాటే.

గేటు దాటగానే ఎదురయ్యే లావుపాటి చెట్లు బావోబాబ్‌లు. గోల్కొండ నయా ఖిల్లాలో ‘హతియాన్ కా ఝాడ్’ అని చూపించే మహావృక్షం ఈ జాతిదే. గోల్కొండది ఒంటరిగా కోట గోడల మధ్య బతికింది. ఇక్కడివాటి మొదళ్లు చూస్తే మనిషెత్తుకు పైన దాకా బెరడు చీరేసి ఉంటుంది. ఎండాకాలంలో ఏనుగులు దంతంతో పొడిచి ఆ నార నమిలి తడి పీల్చుకుంటాయి. మామూలు చెట్టయితే చుట్టూ బెరడు పోతే ఎండిపోతుంది. బావోబాబ్ మళ్లీ బెరడు కట్టుకుంటుంది. ఏనుగులు మరీ లోతుగా తొలిచేస్తే మాత్రం ఒకరోజు ఉన్నపళంగా కూలిపోతుంది.

ఇక్కడ చూడాల్సింది నది. అక్టోబరు నాటికి తరంగిరే నది చాలాచోట్ల ఇసుకే. 2,850 చదరపు కిలోమీటర్ల పార్కులోనూ దాని చుట్టుపక్కలా ఉన్న జంతువులన్నీ ఆ ఒక్క ఇసుక చార దగ్గరికే రావాలి. డ్రైవర్‌ని జీపు ఒడ్డున నిలిపి ఇంజను ఆపమని, గంటసేపు కదలొద్దని చెప్పండి. చిత్రావతి ఇసుకలో చెలమ తవ్విన ఊళ్లవాళ్లకు తర్వాత జరిగేది చెప్పక్కర్లేదు. గుంపులోని పెద్ద ఆడ ఏనుగు ఇసుక మీద తొండం చివర ఆనించి నాలుగడుగులు అటూ ఇటూ వెతుకుతుంది. ఒకచోట ఆగి ముందుకాలి గోళ్లతో ఇసుకను వెనక్కి తన్నుతుంది. గుంట మోకాలి లోతయ్యాక తొండంతో తోడి పక్కకి పోస్తుంది. నీరు ఊరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపూ చెవులు తప్ప ఏమీ కదలవు. మొదట వచ్చిన బురద నీళ్లు పీల్చి పక్కకి చిమ్మేసి, తేటనీరు ఊరాకే తాగుతుంది. పిల్ల ఏనుగు తొండం అందక మోకాళ్ల మీద కూలబడి తలంతా గుంటలో పెడుతుంది. ఈ తతంగమంతా జరిగేదాకా జీబ్రాలు, బబూన్ కోతులు ఓపిగ్గా వరసలో నిలబడతాయి. ఏనుగులు వెళ్లగానే ఆ చెలమ వాటిది.

ఇంజను ఆన్‌లో పెట్టి పది నిమిషాలు చూసి వెళ్లిపోయే జీపులకు తవ్వడం మాత్రమే దక్కుతుంది, తాగడం కనిపించదు.

మధ్యాహ్నం రెండు దాటాక సెట్సీ ఈగలు కుట్టేది నదికి దూరంగా, తుమ్మచెట్లు దట్టంగా ఉన్నచోట. అక్కడ అద్దాలు ఎత్తేసి ఆగకుండా పోవాలి. లోపలికి దూరిన ఈగను అరచేత్తో కొడితే చావదు, అద్దానికేసి నలపాలి.

క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనాల చోటుకు వెళ్లాలంటే టార్చి ఊపి కాపలాదారుని పిలవాలి. గుడారంలో పండో బిస్కెట్టో ఉంచకూడదు, జిప్పు చివరిదాకా వేయాలి. స్నానానికి బకెట్ షవర్ ఉంటుంది: పైన కట్టిన బకెట్లో ఇరవై లీటర్ల వేడినీళ్లు పోసి బయటి నుంచి ‘తయారి’ అని కేకేస్తారు. ముందు తడిసి, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పాలి. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్లు రెండో బకెట్ ముందే చెప్పి ఉంచుకోవాలి.

రెండో రోజు: మన్యారా మీదుగా కరాటు

ఆరింటికే నది దగ్గరికి వెళ్లి, పదింటి లోపు గేటు దాటాలి. అక్కడి నుంచి మన్యారా సరస్సు పార్కు గంటన్నర.

మొహమాటం లేకుండా చెప్పాలంటే, రోజులు తక్కువైతే తీసేయాల్సింది మన్యారానే. చెట్లెక్కే సింహాలన్న పేరు మోగిపోతోంది కానీ అవి కనిపించడం అదృష్టం. ఫ్లెమింగోలు నీటిమట్టాన్ని బట్టి వస్తాయి, పోతాయి. వానలు బాగా కురిసి సరస్సు పొంగిన ఏడాది ఉప్పు పలచబడుతుంది, వాటి మేత అయిన నాచు తగ్గుతుంది, అవి వేరే సరస్సుకి లేచిపోతాయి. పులికాట్‌లో చూసే పెద్ద ఫ్లెమింగోలు ఇక్కడా ఉన్నా, ఎక్కువభాగం చిన్న రకం. ముక్కు నల్లగా, ఒళ్లు ముదురు గులాబీ రంగు. గేటు పక్కన ఊటనీళ్లతో పెరిగిన అడవి మాత్రం చల్లగా, చిక్కగా బాగుంటుంది. బబూన్‌ల గుంపులు వందల్లో ఉంటాయి.

పార్కు వదిలేసినా మ్టో వా మ్బు ఊళ్లో ఆగండి. పేరుకు అర్థం దోమల ఏరు. ఎర్రతొక్క అరటిపళ్లు రోడ్డు పక్కనే గెలలుగా వేలాడదీసి అమ్ముతారు. ఊరు దాటగానే రోడ్డు నిలువునా గోడ ఎక్కినట్టు ఎక్కుతుంది. అది భూమి చీలి ఏర్పడ్డ రిఫ్ట్ లోయ అంచు. పైన ఆగి వెనక్కి చూస్తే కింద సరస్సంతా పళ్లెంలో పోసినట్టుంటుంది. కరాటు సుమారు 1,500 మీటర్ల ఎత్తున కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న పట్నం. డీజిల్, ఏటీఎం, మందుల షాపు మూడూ ఉన్న ఆఖరి చోటు ఇదే. పన్లన్నీ ఆ సాయంత్రమే ముగించుకోవాలి.

మూడో రోజు: ఓల్డువాయి, సెరెంగెటి

ఆరింటికి కరాటు వదలాలి. అరగంటలో లోడోఆరే గేటు వస్తుంది, తారు రోడ్డు అక్కడితో సరి. ఎన్‌గోరోంగోరో సంరక్షణ ప్రాంతం గుండా పోతేగానీ ఈ వైపు నుంచి సెరెంగెటి చేరలేం. అందుకని దారి కోసమే ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు మరోసారి ఆ టికెట్టు కొనాలి. ఒక్కోటి దాదాపు 71 డాలర్లు. ‘అదే పార్కుకు రెండుసార్లెందుకు కడుతున్నాం’ అన్న గొడవ ప్రతి బృందంలోనూ వస్తుంది. గేటు దగ్గర నగదు తీసుకోరు, కంపెనీలు ముందే కట్టేస్తాయి. కంప్యూటర్ మొరాయిస్తే అరగంట పోతుంది. ఆ అరగంటలో అద్దం దించి ఉన్న జీపుల్లోకి బబూన్‌లు చేతులు పెట్టి లంచ్ పెట్టెలు ఎత్తుకుపోతుంటాయి.

ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు మీది మొదటి మలుపులో బిలం మొత్తం కనిపించే చోటుంది. పొగమంచు ఉంటే వేచి చూడక్కర్లేదు, ఆరో రోజు ఎలాగూ దిగుతాం. అంచు దిగాక అడవి అయిపోతుంది, చల్లదనమూ పోతుంది, మిగిలేది దుమ్ము. రోడ్డు మీద రేకుల కప్పు లాంటి అలలు పడి ఉంటాయి. డ్రైవర్లు దీన్ని ‘ఆఫ్రికన్ మసాజ్’ అని నవ్వుతారు. వెన్నునొప్పి ఉన్నవాళ్లు వెనక చక్రాల మీది సీట్లలో కాకుండా డ్రైవర్ వెనక వరసలో కూర్చోవాలి. ఎదురుగా బండి వస్తుంటే అందరూ ఒకేసారి అద్దాలు ఎత్తాలి. కెమెరా లెన్సు మార్చే పని ఇక్కడ పెట్టుకుంటే సెన్సార్ మీద ఆ ధూళి యాత్ర అయ్యేదాకా మచ్చలై కనిపిస్తుంది.

ఓల్డువాయి లోయకు వేరే టికెట్టు, గంటన్నర సమయం. 1959 జూలై 17న పురావస్తు శాస్త్రవేత్త మేరీ లీకీకి మనిషికి దగ్గరి బంధువైన ఒక జాతి పుర్రె, 17.5 లక్షల ఏళ్లనాటిది, ఇక్కడే దొరికింది. పైనుంచి చూస్తే లోయలో ఎర్రమట్టి దిబ్బ ఒకటి కోట బురుజులా నిలబడి ఉంటుంది. పొరపొరగా కనిపించేదాంట్లో చాలావరకు చుట్టుపక్కల అగ్నిపర్వతాల బూడిదే. మ్యూజియంలో లాయెటోలి అన్నచోట దొరికిన అడుగుజాడల అచ్చు ముందు ఎక్కువసేపు నిలబడండి. 36 లక్షల ఏళ్ల కిందట తడి బూడిద మీద రెండు కాళ్లతో నడిచినవాళ్ల అడుగులవి. బొటనవేలు పక్కకి కాకుండా మన వేలిలాగే ముందుకు ఉంటుంది. ‘ఓల్డుపాయి’ అన్నది కిత్తనార లాంటి ఒక మొక్కకు ఇక్కడి పశువుల కాపరులైన మాసాయిలు పెట్టుకున్న పేరు. జర్మన్ల చెవికి అది ఓల్డువాయి అయింది.

నాబీ కొండ దగ్గర 12:20 అయిందనుకుందాం. కాగితం మీద పడ్డ ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. అక్కడే లంచ్ ముగించి లోపలికి వెళ్తే చెట్టన్నది లేని మైదానం మొదలవుతుంది. అగ్నిపర్వత బూడిద కింద సున్నపుగట్టు పొర ఉంది, వేళ్లు దాన్ని చీల్చలేవు, అందుకే గడ్డి తప్ప ఏదీ నిలవదు. ఆ గడ్డిలో మాత్రం ఖనిజాలు మెండు. విల్డెబీస్ట్‌లు ఈనడానికి అంతదూరం నుంచి ఇక్కడికే రావడానికి అదో కారణం. రెండోది, పొట్టిగడ్డిలో సింహం దాక్కోలేదు.

మైదానం మధ్యలో గుట్టగుట్టగా బండరాళ్లు వస్తాయి. వాటిని ‘కోప్యె’ అంటారు. హైదరాబాద్ వాళ్లకు ఇవి బాగా తెలిసిన రాళ్లే. ప్రాచీన గ్రానైట్ పగుళ్లు పడి, మూలలు అరిగి గుండ్రంగా మిగిలిన అదే తీరు. మనవాటి మీద అపార్ట్‌మెంట్లు లేచాయి, వీటి మీద సింహాలు పడుకుంటాయి. రాళ్లనే చూడకుండా రాళ్ల నీడల్ని చూడాలి. అక్కడ గడ్డి రంగులో కదిలేది ఏదైనా ఉంటే అది తోకే.

నాలుగో రోజు: సెరొనెరా

ఈ ఒక్క రోజు గేటు లెక్క లేదు. అందుకే సెరెంగెటిలో రెండు రాత్రులకు తక్కువ ఉండొద్దనేది. ఒక్క రాత్రి ఉన్నవాళ్లకు ఉదయం వేళ తొందరే మిగులుతుంది.

ఆరింటికి ఇంజను స్టార్టవ్వాలి. టిఫిన్ పెట్టెలో కట్టించుకుని పోవాలి. తెల్లవారిన తర్వాత రెండు గంటలు, సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలు జంతువులవి. మిగతా వేళ సింహాలకు నిద్రే పని. సెరొనెరా ఏటి వెంట సాసేజ్ చెట్లుంటాయి, కొమ్మలకు సొరకాయల్లాంటి బూడిదరంగు కాయలు పొడుగు తొడిమలతో వేలాడతాయి. చిరుతపులికి ఇష్టమైన చెట్టు అది. అడ్డంగా ఉన్న లావు కొమ్మల్ని ఒక్కొక్కటే మొదలు నుంచి చివరిదాకా బైనాక్యులర్స్‌తో చూసుకుంటూ పోవాలి. తోక కాయలాగే నిటారుగా వేలాడుతుంది. తేడా చివర్లో ఉంటుంది: గాలికి కాయ మొత్తం ఊగుతుంది, చిరుత తోక కొస మాత్రం పైకి వంపు తిరిగి ఒక్కటే కదులుతుంది. ఆ కొమ్మ కిందే ఎక్కడో సగం తిన్న గజెల్ (జింక లాంటి జంతువు) కాళ్లు వేలాడుతూ కనిపిస్తాయి.

రేడియోలో ‘చుయీ’ అన్న మాట వినిపిస్తే చిరుత దొరికిందని అర్థం. ఆ కబురుకి పరిగెత్తితే అక్కడ ఇరవై జీపులు ఉంటాయి, మీది ఇరవై ఒకటోది. పార్కులో గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం కూడా ఆ పరుగులోనే తప్పుతుంది. రోడ్డు దిగి బండి నడపడమూ ఇక్కడ నిషిద్ధం. ‘ఇంకొంచెం దగ్గరికి పోనీ’ అని ఎక్కువ టిప్పు ఆశ చూపేవాళ్ల వల్ల జరిమానా పడేది డ్రైవర్‌కి. చీతా విషయంలో ఇది మరీ ఘోరం. అది పగలే వేటాడుతుంది. పుట్ట మీదెక్కి గజెల్‌ని ఎంచుకుని నడక మొదలుపెట్టేసరికి మధ్యలోకి జీపులు దూరితే వేట చెడుతుంది, పిల్లలకు ఆ పూట పస్తు. పుట్ట మీద చీతా కనిపిస్తే రెండు వందల మీటర్ల దూరంలో ఆగి ఇంజను ఆపించండి. అది మీకేసి కాకుండా ఒకే దిక్కుకి చూస్తోందంటే గంటలోపు ఏదో జరుగుతుంది.

మధ్యాహ్నం రెటీమా మడుగుకి పోవచ్చు. వందకు పైగా నీటిగుర్రాలు ఒకదాని మీదొకటి పడుకుని ఉంటాయి. దిగి చూసే వీలున్న కొద్ది చోట్లలో ఇదొకటి. వాసన మాత్రం పశువుల కొట్టానికి పదింతలు, కాబట్టి లంచ్ పెట్టె అక్కడ తెరవకండి. బెలూన్ ఎక్కదలిస్తే తలకు 600 డాలర్ల దాకా అవుతుంది. నాలుగున్నరకే లేవాలి, గాల్లో ఉండేది గంట. మందలు పరుచుకున్న నెలల్లో అయితే సరే, లేనప్పుడు ఆ డబ్బుతో ఇంకో రాత్రి ఉండటమే మంచిదని మా లెక్క.

రాత్రి గుడారంలో వినిపించే ‘ఊ...ప్’ అని కింది స్థాయి నుంచి పైకి లేచే కూత దుమ్ములగొండిది. సింహం గర్జన సినిమాలోలా ఒక్క అరుపు కాదు. పెద్దగా మొదలై, చివరికి రంపం కోసినట్టు పొట్టి పొట్టి ఊపిరులుగా తగ్గుతుంది. అది ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. పక్కనే ఉన్నట్టనిపించినా గుడారంలోంచి బయటికి రాకపోతే ప్రమాదం లేదు.

అయిదో రోజు: వెనక్కి, అంచు మీదికి

కాగితం మీది గంట గుర్తుందా? 12:20. సెరొనెరా నుంచి నాబీ 45 కిలోమీటర్లు, జంతువుల కోసం ఆగకపోతేనే గంట పైన. పదిన్నరకి సెరొనెరా వదిలేయాలి. పదకొండుకి చిరుత కనిపిస్తే ఏం చేయాలన్నది ముందురోజు రాత్రే బృందమంతా తేల్చుకోవాలి. నలుగురికి ఇంకో రోజు టికెట్టంటే 330 డాలర్లు. అప్పటికప్పుడు జీపులో ఓటింగు పెడితే స్నేహాలు చెడతాయి.

రెండో లెక్క ఇంకా సూక్ష్మం. నాబీలో ఎన్‌గోరోంగోరో కాగితం మళ్లీ మొదలవుతుంది, అదీ 24 గంటలే. 12:15కి మొదలైతే రేపు 12:15కల్లా లోడోఆరే గేటు దాటేయాలి. అంటే ఇవాళ ఇక్కడ ఎంత తొందరగా కాగితం కొట్టించుకుంటే రేపు బిలంలో అంత సమయం పోతుంది. తెలిసిన డ్రైవర్ సెరెంగెటి నుంచి పన్నెండింటికి బయటపడి, అక్కడే తీరిగ్గా లంచ్ తిని, ఆ తర్వాతే రెండో కాగితం కోసం కిటికీ దగ్గరికి వెళ్తాడు.

దారిలో మాసాయి పల్లెలు వస్తాయి. సెరెంగెటి నుంచి 1959లో వీళ్లను ఖాళీ చేయించి, పశువులతో ఈ ప్రాంతంలో ఉండనిచ్చారు. 2022 నుంచి ఇక్కడి నుంచీ దూరాన ఉన్న మ్సొమెరాకు పంపుతున్నారు, దాని మీద పెద్ద వివాదమే నడుస్తోంది. రోడ్డు పక్క నిలబడ్డ పిల్లల్ని జీపులోంచి అడక్కుండా ఫొటో తీయడం మర్యాద కాదు. పల్లె లోపలికి వెళ్లి చూడాలంటే ఎంత ఇవ్వాలో దిగకముందే మాట్లాడుకోవాలి.

అంచు 2,300 మీటర్ల ఎత్తు. సాయంత్రం అయిదింటికే చలి మొదలవుతుంది, తెల్లవారేసరికి పది డిగ్రీల కిందికి పోవచ్చు. సింబా క్యాంపులో వేడినీళ్లు ముందు వచ్చినవాళ్లకే దక్కుతాయి, కాబట్టి గుడారం వేయకముందే స్నానం కానివ్వాలి. నీటి ట్యాంకు దగ్గరికి అప్పుడప్పుడు ఏనుగు వచ్చి తొండం పెట్టి తాగి పోతుంది. అది వెళ్లేదాకా టాయిలెట్ పని వాయిదా.

ఆరో రోజు: బిలంలోకి

అగ్నిపర్వతం సుమారు 25 లక్షల ఏళ్ల కిందట లోపలి శిలాద్రవం ఖాళీ అయి కుప్పకూలితే మిగిలిన గిన్నె ఇది. అడుగు 260 చదరపు కిలోమీటర్లు, గోడలు 600 మీటర్ల ఎత్తు. జీపుకి దిగుడు రుసుం 295 డాలర్లు. ఎంతమంది కూర్చున్నా అంతే, పైగా తలా టికెట్టు వేరు. సెనెటో దారి దిగడానికి, లెరాయి దారి ఎక్కడానికి. ఆరింటికి గేటు తెరిచేసరికి వరసలో మొదటి అయిదు జీపుల్లో ఉండాలి.

నల్ల ఖడ్గమృగం కోసం వచ్చినవాళ్లకు సమయం తొమ్మిదిన్నర దాకానే. ఎండెక్కాక నేల మీంచి ఆవిరి లేచి దూరాన ఉన్నదంతా వణుకుతుంది. ఎంత పెద్ద లెన్సయినా ఫొటో అలుక్కుపోతుంది. పడుకున్న ఖడ్గమృగం బండరాయిలా ఉంటుంది. రాయికి రెండు చెవులు మొలిచి తిరుగుతుంటే అదే. జిరాఫీ కోసం వెతక్కండి, బిలంలో లేవు. గోడలు నిటారు, కింద అది మేసే తుమ్మ తక్కువ. ఏనుగులు దాదాపు అన్నీ మగవే, కొన్నింటి దంతాలు నేలకు తాకేంత పొడవు.

ఇక్కడి దుమ్ములగొండుల్ని తక్కువ చేసి చూడొద్దు. 1960ల్లో జంతు శాస్త్రవేత్త హాన్స్ క్రూక్ రాత్రుళ్లు వాటి వెంట తిరిగి, అవి తినేదాంట్లో ఎక్కువభాగం స్వయంగా వేటాడిందేనని తేల్చాడు. పొద్దున సింహం తింటూ, చుట్టూ దుమ్ములగొండులు కాచుకుని ఉన్నాయంటే, చాలాసార్లు దోచుకున్నది సింహమే.

మగాడి సరస్సు ఒడ్డున తెల్లగా కనిపించేది చవుడు. స్వాహిలీలో మగాడి అంటే సోడానే. అక్కడ అరగంట చాలు. లంచ్, టాయిలెట్లు ఎన్‌గోయిటోకిటోక్ మడుగు దగ్గర. చెట్టు కింద పచ్చిక, నీళ్లు, నీటిగుర్రాలు, అంతా పిలుస్తున్నట్టే ఉంటుంది. చేతిలో శాండ్‌విచ్‌తో జీపు దిగారా, వెనక నుంచి గద్ద వస్తుంది. రెక్క చప్పుడు వినపడే లోపే పని అయిపోతుంది. ముక్కుతో కాదు, గోళ్లతో లాగుతుంది. వేళ్ల మధ్య చర్మం చీలినవాళ్లున్నారు. జీపులోనే, పైకప్పు దించి, తినండి.

పదకొండుకి లెరాయి దారి ఎక్కడం మొదలుపెట్టాలి. పచ్చని బెరడు చెట్ల తోపు అక్కడే ఉంటుంది, ‘జ్వరం చెట్లు’ అంటారు. వాటి కింద పడుకుంటే జ్వరం వస్తుందని పాతకాలపు తెల్లవాళ్లు అనుకున్నారు. చెట్లు పెరిగేది చిత్తడిలో, చిత్తడిలో ఉండేవి దోమలు. లోడోఆరే చేరేసరికి 11:50. డ్రైవర్ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్తాడు. ఇంకా 25 నిమిషాలున్నాయి, టాయిలెట్‌కి వెళ్లిరావచ్చు. అద్దాలు ఎత్తి వెళ్లండి, బబూన్‌లు మొన్నటి చోటే కూర్చుని ఉంటాయి.